తమ్ముడికి నేను సగం, మరదలు సున్నా. కిడ్నీ ఇచ్చింది ఆమె

శారద (మలక్‌పేట) | జులై 12, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఈ వేదికలో మీరు రాసేవి చాలాకాలంగా చదువుతున్నాను. రాయడం ఇదే మొదటిసారి.

రెండేళ్ల కిందట మా తమ్ముడికి రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. అమ్మ తన కిడ్నీ ఇస్తానంది. మధుమేహం ఉందని డాక్టర్లు ఆమెను మొదటిరోజే వద్దన్నారు. తర్వాత నేను వెళ్లాను. నా రక్తం బి, వాడిది ఓ. అది చాలదన్నట్టు, ఒకరి అవయవాన్ని మరొకరి ఒళ్లు పరాయిదనుకుంటుందో లేదో తేల్చే గుర్తులను పోల్చే, తోబుట్టువుల్లో కలుస్తుందని ఆశపడే హెచ్‌ఎల్‌ఏ పరీక్షలో మా ఇద్దరికీ ఒక్క గుర్తూ కలవలేదు. ఒకే కంచంలో తిని పెరిగినవాళ్లం. ఆ కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకున్నాను, ఇప్పటికీ అందులోనే ఉంది.

చివరికి ఇచ్చింది మా మరదలు, తమ్ముడి భార్య. బయటి సంబంధం, మేనరికం కాదు. ఆమె రక్తం ఓ. ఇద్దరూ బాగున్నారు.

ఈమధ్య జీవపరిణామం మీద ఒక పుస్తకం చదివాను. బంధుత్వం దగ్గరయ్యేకొద్దీ ఒకరికోసం ఒకరు నష్టపడే గుణం పెరుగుతుందని, దానికి ఒక లెక్క కూడా ఉందని అందులో రాశారు. అక్కాతమ్ముళ్ల మధ్య సగం, భార్యాభర్తల మధ్య సున్నా. సగం ఉన్న నేను గది బయట కూర్చున్నాను. సున్నా ఉన్న పిల్ల ఆపరేషన్ బల్ల ఎక్కింది. లెక్క తప్పా? నాకే సరిగా అర్థం కాలేదా?

లెక్కల మాస్టారు (నల్లకుంట) | జులై 12, రాత్రి 11:05

శారద గారూ, లెక్క తప్పు కాదు. అయితే అది ఎవరి లెక్క అన్నది ముందు తేల్చుకోవాలి.

డార్విన్‌ను 1859లోనే వేధించిన ప్రశ్న ఇది. పిల్లల్ని కనని కూలి చీమ తన గుణాన్ని ఎవరికి అందిస్తుంది? అందించలేనప్పుడు ఆ గుణం ఎలా నిలిచింది? కుటుంబం మొత్తాన్నీ కలిపి చూడాలని ఆయన ఊహించారు గానీ, జన్యువుల సంగతి ఆయన కాలానికి తెలియదు. 1964లో జీవశాస్త్రవేత్త విలియం హామిల్టన్ దాన్ని ఒక చిన్న గణిత అసమానతగా రాశారు. అవతలివారికి కలిగే మేలును బంధుత్వ గుణకంతో, అంటే మనలోని ఒక జన్యువు బంధుత్వం వల్ల వారిలోనూ ఉండే అవకాశంతో, హెచ్చవేయాలి. ఆ లబ్ధం ఇచ్చేవారికి కలిగే నష్టాన్ని మించితే, అలాంటి సాయం చేయించే జన్యువు తరతరాలకూ వ్యాపిస్తుంది. మేలునూ నష్టాన్నీ ఇక్కడ కొలిచేది డబ్బుతో కాదు, సుఖదుఃఖాలతో కాదు, పెరిగి పెద్దయ్యే సంతానంతో. అదే ఏడాది జాన్ మేనార్డ్ స్మిత్ దీనికి పెట్టిన పేరును మనం బంధు వరణం అంటున్నాం.

గుణకాలు ఇవి: తల్లికీ బిడ్డకూ సగం. ఒకే తల్లిదండ్రుల పిల్లల మధ్య సగటున సగం. తాతకూ మనవడికీ పావు, మేనమామకూ మేనకోడలికీ పావు. అన్నదమ్ముల పిల్లల మధ్య ఎనిమిదో వంతు. ఇద్దరు అన్నదమ్ముల కోసమో, ఎనిమిది మంది పెదనాన్న చిన్నాన్న పిల్లల కోసమో ప్రాణమిస్తానని జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ అన్నట్టు చెప్పుకునే మాట ఇక్కడిదే. అదే హాల్డేన్ 1955లో ఒక వ్యాసం రాశారు. వరదలో కొట్టుకుపోతున్న పిల్లవాడి కోసం దూకించే జన్యువు ఒకటి ఉంటే, ఆ పిల్లవాడు ఎవరి బిడ్డ అయితే ఆ జన్యువుకు లాభమో అందులో లెక్క కట్టారు. కట్టి, తాను నిజంగా రెండుసార్లు మునిగిపోయేలా ఉన్నవారిని బయటికి లాగాననీ, ఆ రెండుసార్లూ ఇలాంటి లెక్కలకు వ్యవధి లేదనీ కూడా రాశారు. నాకు ఆ రెండో మాటే ముఖ్యం. లెక్క తరాల మీద జరుగుతుంది. నీళ్లలో దూకే మనిషి బుర్రలో జరగదు.

మీ మరదలి విషయం. భార్యాభర్తల మధ్య గుణకం సున్నాయే. కానీ వారి పిల్లల్లో ఇద్దరికీ చెరి సగం ఉంటుంది. తండ్రి బతికితే ఆ పిల్లలు నిలదొక్కుకుంటారు. ఆ దారిన చూస్తే ఆమె చేసిన పని సిద్ధాంతానికి ఎదురేమీ కాదు.

శారద (మలక్‌పేట) | జులై 13, ఉదయం 6:15

వాళ్లకు పిల్లలు లేరండి.

లెక్కల మాస్టారు (నల్లకుంట) | జులై 13, ఉదయం 7:02

క్షమించండి అమ్మా. అడిగి తెలుసుకోకుండా రాశాను.

విశ్వ (తార్నాక) | జులై 13, ఉదయం 10:30

నేను ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చదువుతున్నాను. ఈ సిద్ధాంతంలో నాకు ఎప్పటినుంచో మింగుడుపడనిది ఒకటుంది. ఏ ఇద్దరు మనుషులను తీసుకున్నా డీఎన్‌ఏ దాదాపు 99.9 శాతం ఒకటే. అలాంటప్పుడు తమ్ముడితో సగం, పరాయివాడితో సున్నా అనడంలో అర్థమేముంది? నిజంగా పోలికే లెక్కయితే ఊరందరికోసం త్యాగం చేయాలి కదా?

లెక్కల మాస్టారు (నల్లకుంట) | జులై 13, మధ్యాహ్నం 2:20

విశ్వా, ఇక్కడ తడబడనివారు అరుదు. నేనూ ఏళ్లపాటు తడబడ్డాను. మా ఊరి పెరళ్లను తలుచుకుంటే గానీ నాకిది అర్థం కాలేదు.

ఊళ్లో ప్రతి పెరట్లోనూ చింతచెట్టు ఉందనుకో. మా నాయనమ్మ దగ్గర మాత్రం ఊదా గీతలున్న ఒక చిక్కుడు విత్తనం ఉంది. ఆమె తన పిల్లల్లో ఒక్కొక్కరి పేరునా బొమ్మా బొరుసూ వేసి, బొమ్మ పడితే ఆ విత్తనం ఇచ్చింది, బొరుసు పడితే మామూలు విత్తనం ఇచ్చింది. మా నాన్నకు బొమ్మ పడింది. ఎండాకాలంలో మా నాన్న తన పాదులకు నీళ్లు తగ్గించుకుని బాబాయి పెరట్లో నాలుగు బిందెలు పోశాడు. ఆ నీళ్లు ఊదా చిక్కుడుకు అందే అవకాశం సగం. అవే నీళ్లు ఊరి చివర తెలియనివారి పెరట్లో పోస్తే ఆ అవకాశం దాదాపు లేనట్టే. చింతచెట్టుకు రెండుచోట్లా నీళ్లు అందుతాయి, నిజమే. కానీ అన్ని పెరళ్లలోనూ ఉన్న చెట్టు ఊళ్లో మరింత వ్యాపించేది ఏముంది? దాని వాటా ముందూ నూరే, తర్వాతా నూరే.

నువ్వు చెప్పిన 99.9 శాతం చింతచెట్లు. పరిణామం అంటే వాటాలు మారడం. మారగలిగేది చిక్కుడు. ఊరి సగటు కంటే ఎంత ఎక్కువ అవకాశంతో ఆ అరుదైన విత్తనం అవతలి పెరట్లో ఉంటుందో కొలిచేదే బంధుత్వ గుణకం. మొత్తం పోలికను అది కొలవదు. ఒక గుణం వాటా తరం నుంచి తరానికి ఎలా మారుతుందో చెప్పే సమీకరణాన్ని 1970లో జార్జ్ ప్రైస్ రాశాక, హామిల్టన్ కూడా తన లెక్కను ఈ తీరులోనే తిరగరాసుకున్నారు.

విశ్వ (తార్నాక) | జులై 13, మధ్యాహ్నం 2:41

చింతచెట్టు ముందూ నూరే, తర్వాతా నూరే. మూడేళ్లుగా ఎవరూ నాకిలా చెప్పలేదు మాస్టారూ. నోటుపుస్తకంలో రాసుకున్నాను.

కాకినాడ వైద్యుడు | జులై 13, రాత్రి 8:50

శారద గారి కాగితం గురించి ఒక మాట. హెచ్‌ఎల్‌ఏ జన్యువులు ఆరో క్రోమోజోము మీద దగ్గరదగ్గరగా ఉంటాయి. సాధారణంగా ఒక కట్టగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి బిడ్డకు వస్తాయి. అందువల్ల తోబుట్టువులు ఇద్దరిలో రెండు కట్టలూ కలిసే అవకాశం పావు, ఒకటి కలిసే అవకాశం సగం, ఏదీ కలవని అవకాశం పావు. మీకు ఆ చివరి పావు ఎదురైంది. దానివల్ల మీరు తమ్ముడికి తక్కువ అక్క కారు. మాస్టారు చెప్పిన సగం మొత్తం జన్యువుల మీద సగటు. ఒకచోట సున్నా పడినా మరోచోట పూర్తిగా కలిసి ఉండవచ్చు.

చట్టం కూడా గమనించదగ్గదే. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం దగ్గరి బంధువులుగా గుర్తించినది తల్లిదండ్రులను, పిల్లలను, తోబుట్టువులను, జీవిత భాగస్వామిని. 2011 సవరణ తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు, మనవలను చేర్చింది. మేనమామకు తాతతో సమానంగా పావు గుణకం ఉన్నా ఆయన ఆ జాబితాలో లేరు, అనుమతి సంఘం ముందుకు వెళ్లాలి. సున్నా ఉన్న భార్య మాత్రం మొదటినుంచీ ఉంది. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవారిలో ఎక్కువమంది స్త్రీలు. తల్లులు, భార్యలు. ఇందులో ప్రేమ ఎంతో, ఇంట్లో ఎవరి దేహం మీద ఎవరికి మాట చెల్లుతుందన్నది ఎంతో, బంధు వరణం ఒక్కటే చెప్పలేదు. దాతతో విడిగా మాట్లాడినప్పుడు నేను ఈ ప్రశ్నను ఒకటికి రెండుసార్లు అడుగుతాను.

హాల్డేన్ పేరు వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆయన 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడ్డారు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. తన దేహాన్ని వైద్య విద్యార్థుల చదువుకు ఇవ్వాలని ముందే రాసిపెట్టారు. అది చేరింది మా కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు. అన్నదమ్ముల కోసం ప్రాణం లెక్క కట్టిన మనిషి చివరికి తన దేహాన్ని ఏ బంధుత్వమూ లేని తెలుగు పిల్లల చేతుల్లో పెట్టారు. ఇది తలుచుకున్నప్పుడల్లా ఆయనకు మనసులోనే దండం పెట్టుకుంటాను.

నిర్వాహకులు | జులై 13, రాత్రి 9:10

సొంత వైద్య నివేదికలు ఇక్కడ పెట్టవద్దని మనవి. సలహాలకు ఆరోగ్య విభాగం వేరుగా ఉంది.

రమణ (కూకట్‌పల్లి) | జులై 14, ఉదయం 9:25

మా అపార్ట్‌మెంటు నీళ్ల ట్యాంకు కింద కొండ తేనెటీగలు పట్టు పెట్టాయి. నిన్న పైకి వెళ్తే ఒకటి మణికట్టు మీద కుట్టింది. చేయి విదిలించగానే ఈగ పడిపోయింది, ముల్లు మాత్రం చర్మంలోనే ఉంది. దాని చివర తెల్లటి చిన్న సంచి. అది ఇంకా కొట్టుకుంటోంది, విషాన్ని లోపలికి తోస్తోంది. ఈగ గచ్చు మీద కాళ్లు ముడుచుకుని పడి ఉంది. నొప్పి సంగతి మరిచిపోయి అలా చూస్తూ నిలబడిపోయాను. చచ్చిపోయాక కూడా తన పట్టు కోసం పనిచేస్తున్న ఆ సంచిని ఈ లెక్క ఎలా వివరిస్తుంది?

లెక్కల మాస్టారు (నల్లకుంట) | జులై 14, ఉదయం 11:00

చీమలు, తేనెటీగలు, కందిరీగలలో మగవాటికి తండ్రి ఉండడు. ఫలదీకరణ జరగని గుడ్డు నుంచి పుడతాయి, ఒకే వరుస క్రోమోజోములతో. కాబట్టి తండ్రి తన కూతుళ్లందరికీ ఇచ్చేది అచ్చంగా ఒకటే. ఆ సగం అక్కచెల్లెళ్లలో పూర్తిగా కలుస్తుంది, తల్లి ఇచ్చిన సగంలో సగం కలుస్తుంది. మొత్తం ముప్పావు. కన్న కూతురితో ఉండేది సగమే. అంటే చెల్లెళ్లను పెంచడం కూతుళ్లను కనడం కంటే లాభసాటి. హామిల్టన్ చూపిన ఉదాహరణల్లో అందరినీ ఆకట్టుకున్నది ఇదే.

విశ్వ (తార్నాక) | జులై 14, మధ్యాహ్నం 1:15

మాస్టారూ, ఇక్కడ మాత్రం ఒప్పుకోలేను. ముప్పావు ఎంత అందంగా ఉన్నా బరువు మోయదు. తమ్ముళ్లతో వాటికి ఉండేది పావే. చెల్లెళ్లనూ తమ్ముళ్లనూ సమానంగా పెంచితే సగటు మళ్లీ సగానికే వస్తుంది. 1976లో ట్రివర్స్, హేర్ అనే శాస్త్రవేత్తలు ఈ లెక్కనే పట్టుకున్నారు. పైగా ముప్పావు రావాలంటే రాణికి ఒక్క మగడే ఉండాలి. రమణ గారి ట్యాంకు కింద ఉన్న జాతిలో రాణి పదుల సంఖ్యలో పోతుటీగలతో కలుస్తుంది, అందువల్ల చెల్లెళ్లలో ఎక్కువమంది సవతి చెల్లెళ్లే. చెదపురుగులలో ఆడామగా ఇద్దరికీ తల్లీతండ్రీ ఉంటారు. ముప్పావు అన్న మాటే లేదు, అయినా కూలీలున్నారు, సైనికులున్నారు.

అంతమాత్రాన బంధుత్వం పనికిరాదని కాదు. 2008లో హ్యూస్ బృందం చీమలు, తేనెటీగలు, కందిరీగల వంశవృక్షాలను పరిశీలించింది. ఈ సంఘజీవనం మొదలైన తొలినాళ్లలో రాణులకు ఒక్క మగడే ఉండేవాడని తేలింది. మొదలవడానికి దగ్గరి రక్తం కావలసి వచ్చింది. కూలీలు మళ్లీ ఒంటరిగా బతకలేని స్థితికి చేరాక, రాణికి మగవాళ్లు పెరిగినా సంఘం విడిపోలేదు.

బెంగళూరులో శాస్త్రవేత్త రాఘవేంద్ర గదగ్కర్ దశాబ్దాలుగా చూస్తున్న కందిరీగ ఇంకా బాగా చెబుతుంది. దాని పేరు రోపాలీడియా మార్జినాటా. మన కిటికీ రెక్కల మీద కాగితం లాంటి గూడు కడుతుంది. ఆ గూట్లో కూలి ఈగ కావాలంటే బయటికి వెళ్లి తానే గూడు పెట్టుకోగలదు, గుడ్లు పెట్టగలదు. గూట్లోవాటి మధ్య బంధుత్వం ముప్పావుకు చాలా తక్కువ. అయినా ఎక్కువ కూలీలు వెళ్లవు. ఆయన 1990లో రాసిన కారణం నన్ను కదిలించింది. ఒంటరిగా గూడు పెట్టిన ఈగ, తన పిల్లలు ఎదగకముందే తాను చనిపోతే, అంతవరకు పడిన శ్రమంతా మట్టిపాలు. గుంపులో ఉంటే సగం పెంచిన పిల్లలను మిగతావారు పెంచి పెద్ద చేస్తారు. చేసిన పనిలో కొంతైనా తప్పకుండా దక్కుతుంది. హామిల్టన్ అసమానతలో అందరూ గుణకాన్నే చూస్తారు. మేలూ నష్టమూ ఎంతన్నది అంతే ముఖ్యం.

లెక్కల మాస్టారు (నల్లకుంట) | జులై 14, మధ్యాహ్నం 1:50

సరైన మాట. ముప్పావును వెనక్కి తీసుకుంటున్నాను. 2010లో నోవాక్, టార్నిటా, విల్సన్ కలిసి బంధు వరణం అక్కర్లేదని నేచర్ పత్రికలో రాసినప్పుడు, మరుసటి ఏడాది నూటముప్పై మందికి పైగా శాస్త్రవేత్తలు కలిసి జవాబిచ్చారు. నువ్వు చెప్పిన ఆధారాలు ఆ పోట్లాట కంటే నాకు ఎక్కువ నచ్చాయి.

అనసూయ (మెహిదీపట్నం) | జులై 14, సాయంత్రం 5:30

నాదొక సందేహం. మన వరసలు ఈ లెక్కతో కలుస్తాయా? చిన్నాన్న కొడుకు నాకు తమ్ముడు, రాఖీ కడతాను. మేనత్త కొడుకు బావ, ఒకప్పుడు వాడికే ఇచ్చి చేస్తామన్నారు. రక్తం లెక్కలో ఇద్దరూ ఎనిమిదో వంతేనా?

కాకినాడ వైద్యుడు | జులై 14, రాత్రి 9:00

ఇద్దరూ ఎనిమిదో వంతేనమ్మా. వరస జన్యువుకు తెలియదు, మనకు తెలుసు. మేనరికాలు తరతరాలుగా సాగిన కుటుంబాల్లో మాత్రం తోబుట్టువుల మధ్య గుణకం సగానికి కొంచెం పైకే పోతుంది. అదే కారణంతో తల్లీతండ్రీ ఇద్దరిలోనూ దాగి ఉన్న జబ్బు బిడ్డలో బయటపడే ప్రమాదమూ పెరుగుతుంది. మేనమామను చేసుకుంటే మరీ ఎక్కువ. హాల్డేన్ దగ్గర చదువుకున్న పిఠాపురం వాసి ద్రోణంరాజు కృష్ణారావు గారు 1960ల మొదట్లోనే మన ఆంధ్ర మేనరికాల మీద పరిశోధన చేశారు.

పాలపిట్ట (ఉస్మానియా క్యాంపస్) | జులై 15, ఉదయం 8:10

శారద గారి ప్రశ్నకు జవాబు పిట్టల్లో ఉందని నాకు అనిపిస్తోంది. రోజూ పొద్దున్నే క్యాంపస్‌లో నడుస్తాను. మట్టిరంగు బాబ్లర్ పిట్టల గుంపు ఒకటి ఉంది. హిందీలో సాత్ భాయి అంటారు, ఏడుగురు అన్నదమ్ములు. గూడు ఒక జంటదే. మేత మాత్రం గుంపంతా తెస్తుంది, పోయిన ఏడు పుట్టిన పిల్లలు కూడా ముక్కున పురుగు పట్టుకుని వరుసలో నిలబడతాయి.

ఈసారి గూట్లో ఒక పిల్ల తేడాగా ఉంది. నోరు తెరిస్తే లోపలంతా ఎర్రగా ఉంది, తోక పెరిగిపోతోంది. అది చాతకం పిల్ల. వానచినుకు కోసం ఎదురుచూస్తుందని మన పద్యాల్లో చదివే చాతకమే. గూడు కట్టదు, బాబ్లర్ గూట్లో అదే నీలం రంగు గుడ్డు పెట్టి పోతుంది. కాకి గూట్లో కోకిల లాగే. నిన్న అరగంట నిలబడి చూశాను. ఐదు పిట్టలు వంతులవారీగా దాన్ని మేపుతున్నాయి. ఒక్క చుక్క రక్తం కలవదు.

మోసపోయాయి అంటారు. నేను మరోలా చూస్తాను. పిట్ట జన్యువులను చూడలేదు. దాని లోపల ఉన్నది ఒక్కటే నియమం: నా గూట్లో నోరు తెరిచినదానికి పెట్టు. లక్షల ఏళ్లుగా ఆ గూట్లో నోరు తెరిచినవి దాదాపు తన వాళ్లే కాబట్టి ఆ నియమం నిలిచింది. లెక్క నియమాన్ని తయారుచేసింది, రోజూ పనిచేసేది నియమమే.

విశ్వ (తార్నాక) | జులై 15, ఉదయం 9:00

మనుషుల్లోనూ ఇలాంటిదే చూశారు. 2007లో లీబర్‌మన్, టూబీ, కాస్మిడీస్ చేసిన అధ్యయనంలో, చిన్నతనంలో ఒకే ఇంట్లో ఎన్నేళ్లు కలిసి పెరిగారన్నదాన్ని బట్టి తోబుట్టువుల మధ్య సాయం చేసే గుణం పెరిగింది. తమ్ముడు పుట్టినప్పుడు అమ్మ పాలివ్వడం కళ్లారా చూసిన అక్కకు ఆ ఏళ్ల లెక్క కూడా అక్కర్లేదు. మనకు జన్యువు కనపడదు. ఒకే కప్పు, ఒకే కంచం కనపడతాయి.

లెక్కల మాస్టారు (నల్లకుంట) | జులై 15, ఉదయం 10:20

అమ్మా శారదా, మొదటిరోజు రాసినదాన్ని దిద్దుకుంటున్నాను. అక్కాతమ్ముళ్ల కోసం, కన్నబిడ్డల కోసం తరాల మీద తయారైన ప్రేమ అది. ఒకసారి తయారయ్యాక దానికి రక్తం చూపించనక్కర్లేదు. కలిసి వండుకుని తింటే చాలు, జ్వరానికి నుదుటి మీద తడిగుడ్డ వేస్తే చాలు, అది పట్టుకుంటుంది. మీ మరదలి విషయంలో పిల్లల లెక్క తెచ్చి నేను ఆమె చేసినదాన్ని చిన్నది చేశాను. ఆ ప్రేమ ఎక్కడ పుట్టిందో హామిల్టన్ చెప్పగలరు. ఎవరికి ఇవ్వాలన్నది ఆమె తేల్చుకుంది.

శారద (మలక్‌పేట) | జులై 15, రాత్రి 10:45

మాస్టారూ, అమ్మా అని పిలిచారు, అంతే చాలు. కోపమేమీ లేదు.

కిడ్నీ పరీక్షల రోజుల్లో మందులకని అఫ్జల్‌గంజ్ వైపు వెళ్లినప్పుడు ఉస్మానియా ఆసుపత్రి దగ్గర ఆ పాత చింతచెట్టు కింద కూర్చునేదాన్ని. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలు పట్టుకుని 150 మంది దాకా బతికారని అంటారు. అంతమంది ఎక్కారంటే ఎవరో ఒకరు కిందికి చేయి అందించి ఉంటారు, ఆ చేయి ఎవరిదని అడిగి ఉండరు అనుకునేదాన్ని.

ఈ రోజు మీరందరూ రాసినవి మరదలికి చదివి వినిపించాను. చాతకం పిల్ల దగ్గర ఆపమంది. మళ్లీ చదవమంది. ఆ పిట్టలకు తెలిసినా పెట్టేవేమో వదినా, అంది. పెళ్లయిన కొత్తలో ఆమెకు టైఫాయిడ్ వస్తే మా తమ్ముడు పదిహేను రోజులు సెలవు పెట్టి గంజి కాచి పోశాడు. నాకు అది ఇప్పుడే గుర్తొచ్చింది. ఆమెకు ఎప్పుడూ గుర్తే ఉందట.

పాలపిట్ట (ఉస్మానియా క్యాంపస్) | జులై 19, ఉదయం 7:35

ఎదురుచూస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఈ ఉదయం చాతకం పిల్ల గూడు దాటింది. వేపకొమ్మ మీద వానలో తడుస్తూ కూర్చుని అరుస్తోంది. కింద తడి ఆకులు తిరగేస్తూ నాలుగు బాబ్లర్లు, పైన దాని పక్కన ఒకటి, ముక్కులో పచ్చపురుగుతో.